తుగ్గలి దారిలో లెన్సు బేరం

తుగ్గలి మండలంలోని ఎర్రగుడి అశోక శాసనాలు చూడబోయే ముందు నాకొక చిక్కు వచ్చిపడింది. నా సోనీ కెమెరాకు సోనీ వారి 24-70 లెన్సు (2016) కొననా, టామ్రాన్ వారి 28-75 (2018) కొననా? వెలుతురుకు రెండూ ఎఫ్/2.8వే. మొదటిది 886 గ్రాములు. రెండవది 550, ధరా బాగా తక్కువ.

ఇరుకు గదుల్లో పెళ్ళి ఫొటోలు తీసేవారికి 24 కావలసిందే. ఆరుబయట బండ ముందు నాలుగడుగులు వెనక్కి వేస్తే సరిపోతుంది గదా! టామ్రానే కొన్నాను. మిగిలిన పైకంతో ఇంటిల్లిపాదీ గుంతకల్లులో రైలెక్కి తుగ్గలిలో దిగాము.

ఎర్రగుడిలో ఏటవాలు ఎండకు బ్రాహ్మీ అక్షరాలు తేటపడ్డాయి. కొన్ని పంక్తులు కుడినుంచి ఎడమకు నడుస్తాయి! ఈ లెన్సు 28 దగ్గర 19 సెంటీమీటర్ల దాకా చేరువకు పోనిస్తుంది. ఒక్కొక్క అక్షరమూ చిక్కింది. కంపెనీ పేరు చూసేముందు, మనం చూడబోయేదేమిటో చూసుకోవడం మేలు.