మందుబిళ్లల వెల

మొన్న సంక్రాంతికి మా మేనల్లుడు అమెరికానుండి చీమకుర్తికి వచ్చెను. ఆర్కాన్సాస్ రాష్ట్రమున నతనికొక చిన్న మందుల దుకాణము కలదు. ఒక సాయంకాలము మా రక్తపోటు బిళ్లలకై యిరువురము బజారునకు పోతిమి. అంగడివాడిచ్చిన షీటును త్రిప్పి చూచి యతడు, "వెల దీనిమీదనే యున్నది గదా మామయ్యా!" అని నిట్టూర్చెను. అందలి వింత మాకు బోధపడలేదు.

2013వ సంవత్సరపు ఔషధ ధరల నియంత్రణ ఉత్తర్వును బట్టి, పట్టికలోని ఔషధములకు గరిష్ఠ ధర కట్టునప్పుడే చిల్లర వర్తకునకు నూటికి 16 వంతున లాభము చేర్తురు. తనకెంత మిగులునో వానికి ముందే తెలియును. అమెరికాలో నట్లు కాదు. బీమా సంస్థకును దుకాణమునకును నడుమ 'ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్' అను మధ్యవర్తి యుండును. ఏ మందునకెంత చెల్లింపవలయునో అతని జాబితాయే నిర్ణయించును. కొన్న వెలకన్న తక్కువైనను దుకాణదారు పుచ్చుకొనవలసినదే. అట్టి సంస్థలు మూడే దేశమందలి మందుల చీట్లలో నూటికి దాదాపు 80 నిర్వహించుచున్నవని 2024లో అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ తెలిపినది.

ఆర్కాన్సాస్ 2015లో దీనికొక చట్టము చేసినది. కొనుగోలు ఖరీదుకు తగ్గకుండ చెల్లింపవలెను. టోకు ధర పెరిగినచో జాబితా సవరింపవలెను. నష్టము వచ్చునెడల దుకాణదారు మందమ్మ నిరాకరింపవచ్చును. మధ్యవర్తుల సంఘము న్యాయస్థానమున కెక్కినది. 2020 డిసెంబరు 10న అచ్చటి సుప్రీంకోర్టు న్యాయమూర్తు లెనమండుగురును ఏకగ్రీవముగా రాష్ట్రము పక్షమున తీర్పు చెప్పిరి.

ఆ కడపటి నిబంధన మాకు రుచింపలేదు. రోగిని వట్టిచేతులతో పంపుటయు నొక హక్కేనా యని యడిగితిమి.

"ఒక ముసలమ్మను అట్లే పంపితిని మామయ్యా. మరునాడు నేనే పిలిచి నష్టమునకిచ్చితిని. చట్టమున్నను ప్రతిదానికి అర్జీ పెట్టి సాధించుకొనవలెను. ఇట్లెన్నాళ్లిత్తును? నేను మూసివేసినచో ఆ యూరికి ముప్పది మైళ్లలో మందుల దుకాణము లేదు" అని యతడు తల వంచుకొనెను. మేమేమియు ననలేకపోతిమి.

ఇంతలో రాతిగనిలో పనిచేయు నొకడు, గెలాక్సీ నల్లరాతి దుమ్ము తలపై నుండగనే, దగ్గుచు వచ్చి చీటి చాచెను. అతని మందు ధరల నియంత్రణ పట్టికలోనిది కాదట. అట్టి మందుల వెలను కంపెనీవారు ఏటేట నూటికి 10 వరకు పెంచుకొనవచ్చును. వైద్యుడు పది దినములకు వ్రాసియుండెను. అతడు వెల యడిగి, చేతిలోని నోట్లు చూచుకొని, "రెండు రోజులకియ్యి అన్నా" అనెను. అంగడివాడు షీటును కత్తెరతో కోసి నాలుగు బిళ్లలిచ్చెను.

వెల అచ్చువేసిన తునక అంగడిలోనే మిగిలెను. మా మేనల్లుడు దానిని చేతికి తీసికొని చాలసేపు చూచుచుండెను.