మా సూట్, మీ డ్రెస్సు

మా అమ్మీ బట్టలు కుట్టేది. రాజమండ్రిలో మా ఇంటి వరండాలో మిషను, మిషను సొరుగులో కొలతల పుస్తకం. ఆ పుస్తకానికి రెండు మొదళ్ళు. ముందు అట్ట తిప్పితే తెలుగు, వెనక అట్ట తిప్పితే ఉర్దూ. ఉర్దూ పేజీల్లో 'సూట్' అని రాసుకునేది. తెలుగు పేజీల్లో 'డ్రెస్సు' అని రాసుకునేది. పొడవు, ఛాతీ, నడుము, చెయ్యి - రెండు చోట్లా అవే కొలతలు, అదే కూలి. మా వాళ్ళ పిల్లలవి సూట్లు. మిగతా వీధి పిల్లలవి డ్రెస్సులు. కుట్టేది మాత్రం ఒకటే: సల్వారు, కమీజు, దుపట్టా.

తెలుగులో సూటంటే మగవాడి కోటూ పాంటూ. మా ఇంటి ఉర్దూలో సూటంటే ఆడపిల్లది. ఇంగ్లీషువాడి డ్రెస్సు ఆడవాళ్ళ ఒక్క ముక్క గౌను. తెలుగులోకొచ్చాక దాని అర్థాలు పెరిగిపోయాయి. పండక్కి కొత్త డ్రెస్సంటే ఏ కొత్త బట్టలైనా. బళ్ళో డ్రెస్సంటే యూనిఫాం. కానిస్టేబులు డ్రెస్సులో ఉన్నాడంటే డ్యూటీలో ఉన్నాడని. "చీర కడతావా, డ్రెస్సు వేసుకుంటావా?" అన్నప్పుడు మాత్రం సల్వార్ కమీజే. ఇన్ని అర్థాల మధ్య మా ఆపా నలిగింది.

1988లో ఆపా ఎనిమిదో తరగతి. బడి డ్రెస్సు నీలం పావడా, తెల్ల జాకెట్టు. అబ్బా మాట మీద ఆపా పావడా కింద తెల్ల సల్వారు వేసుకెళ్ళేది. ఒకరోజు ప్రార్థన దగ్గర పంతులమ్మ అందరి ముందూ అడిగింది: "డ్రెస్సులో రమ్మంటే ఆ తురక లాగేంటే?" పిల్లలు నవ్వారు. నేనూ అక్కడే ఉన్నాను, చిన్న తరగతుల వరసలో. నన్నెవరూ ఏమీ అనలేదు. నా నిక్కరుకి మతం లేదు. మతాన్ని మోసే పని అప్పుడూ ఇప్పుడూ ఆడపిల్లల బట్టలదే.

మర్నాటి నుంచి ఆపా గేటు పక్క చెట్టు చాటున సల్వారు విప్పి, మడిచి సంచిలో పెట్టుకునేది. సాయంత్రం మళ్ళీ వేసుకుని ఇంటికొచ్చేది. రెండేళ్ళు. ఇంట్లో చెప్పొద్దని నాచేత ఒట్టు వేయించుకుంది.

ఆ తర్వాత కొన్నేళ్ళకే కాలం తిరగబడింది. లంగా ఓణీలు వదిలి కాలేజీ పిల్లలంతా ఆ 'లాగే' వేసుకోవడం మొదలుపెట్టారు. దానికో కొత్త పేరొచ్చింది: పంజాబీ డ్రెస్సు. తాడితోట బట్టల కొట్లలో డ్రెస్ మెటీరియల్ గుట్టలు పడింది. ఎదురింటి ఆవిడ వచ్చి, "పిన్నిగారూ, మా అమ్మాయికి పంజాబీ డ్రెస్సు కుట్టిపెడతారాండీ? మీ చేతి కుట్టు బావుంటుందంటున్నారు" అంది. అమ్మీ పొంగిపోయింది. ఆపా బొత్తాలు కుడుతూ తలెత్తలేదు. ఆవిడ వెళ్ళాక మెల్లిగా అంది: "అమ్మీ, దీన్ని తురక లాగు అంటారు కదా?"

బట్ట మారలేదు. పేరు మారింది, పేరుతోపాటు చూపు మారింది. విచిత్రమేంటంటే పంజాబ్ అన్న మాటే ఫార్సీ. పంజ్ అంటే అయిదు, ఆబ్ అంటే నీళ్ళు. సల్వారూ ఫార్సీ మాటే. తురకతనం కడిగెయ్యడానికి ఏడు పాయల గోదావరి ఒడ్డున నిలబడి అయిదు నదుల పేరు తెచ్చుకున్నారు. ఆ నీళ్ళూ మావేనని ఎవరూ గమనించలేదు!

మా వాళ్ళు తక్కువ తిన్నారని కాదు. అమ్మీ జీవితమంతా చీరే కట్టింది. కోనసీమలో నూర్‌బాషా ఆడవాళ్ళూ చీరే కడతారు, తెలుగే మాట్లాడతారు. ఒక పెళ్ళిలో హైదరాబాదు చుట్టాలు అమ్మీని ఎగాదిగా చూసి, "ఈ చీరేంటి? అసలు మీరు ముసల్మానులేనా?" అన్నారు. అక్కడ ఆపా సల్వారు ఎక్కువైంది. ఇక్కడ అమ్మీ చీర తక్కువైంది. కొలిచే టేపు మాత్రం ఎప్పుడూ ఇంకొకళ్ళ చేతిలోనే.

2022 ఫిబ్రవరి 5న కర్ణాటక ప్రభుత్వం విద్యాసంస్థల్లో యూనిఫాం మీద ఉత్తర్వు ఇచ్చింది. హిజాబ్‌తో వచ్చిన పిల్లల్ని గేట్ల దగ్గరే ఆపారు. మార్చి 15న హైకోర్టు ఆ ఉత్తర్వును సమర్థించింది. అక్టోబరు 13న సుప్రీంకోర్టులో ఇద్దరు న్యాయమూర్తులు చెరో తీర్పూ ఇచ్చారు. డెస్కులో ఆ వార్తలు దిద్దుతుంటే ప్రతి కాపీలోనూ ఒకటే మాట - డ్రెస్ కోడ్. ఏ పిల్ల ఇష్టంతో తల కప్పుకుంటుందో, ఏ పిల్ల ఇంట్లోవాళ్ళ భయంతో కప్పుకుంటుందో ఆ పిల్లే చెప్పాలి. మా మౌల్వీలూ కాదు, మీ పంతుళ్ళూ కాదు. ఆ పిల్లని అడిగినవాళ్ళు మాత్రం నాకెక్కడా కనపడలేదు.

ఆ ఫిబ్రవరిలోనే ఒకరోజు టీవీలో బడి గేటు దగ్గర పిల్లల చేత తీయిస్తున్నారు. అమ్మీ పక్కన కూర్చుని చూస్తున్నాను. ముప్పై ఏళ్ళ పైన దాచిన ఒట్టు ఆ పూట తప్పాను. ఆపా సంగతి చెప్పాను.

అమ్మీ టీవీ మీంచి చూపు తిప్పలేదు.

"నాకు తెలుసు బేటా. మోకాళ్ళ దగ్గర నలగాల్సిన సల్వారు రోజూ మడతల దగ్గర నలిగి వచ్చేది. కుట్టేదాన్ని, నాకు తెలీదా?"