పరకాల చుట్టూ పదిహేను కిలోమీటర్లు

2024 ఆగస్టు 5, సోమవారం

పెద్దవాళ్లు చెప్పిన సంగతుల టైపింగు చాలావరకు అయింది. వెతకడానికి లూసీన్ అనే సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నాను. పుస్తకం చివరి పదసూచికలా ఏ మాట ఏ పేజీలో ఉందో అది ముందే రాసి పెట్టుకుంటుంది. ‘పరకాల’ అని కొడితే ఆ మాటున్న పేజీలన్నీ వస్తాయి. నాకు కావలసింది అది కాదు. 1947 సెప్టెంబరు 2న జాతీయ జెండా ఎగరేయడానికి పరకాలకు చుట్టుపక్కల పల్లెల జనం కూడా వచ్చారు, కాల్పులకు గురయ్యారు. పరకాలలోని అమరధామం వాళ్ల జ్ఞాపకంగానే కట్టారు. ఆ పల్లెల ఇళ్లలో చెప్పుకునే మాటల్లో సొంతూరి పేరుంటుంది, పరకాల పేరు ఉండకపోవచ్చు. అవి మాటతో దొరకవు, చోటుతోనే దొరకాలి.

ఆగస్టు 9, శుక్రవారం

ప్రతి పేజీకీ అక్షాంశ రేఖాంశాలు చేర్చడం మొదలైంది. పరకాల సుమారు 18.2, 79.7. అన్ని పేజీలకూ దూరం లెక్కగట్టడం దండగ పని. ముందు చతురస్రం గీసి బయటివి వదిలేయాలి, లోపల మిగిలినవాటికే అసలు దూరం కొలవాలి. మన దగ్గర ఒక డిగ్రీ ఉత్తర దక్షిణాలుగా 111 కిలోమీటర్లయితే, తూర్పు పడమరలుగా 106 దాకానే. రెండూ ఒకటే అనుకుంటే వృత్తం కోడిగుడ్డవుతుంది.

జియోహాష్ కూడా చూశాను. నేలను గళ్లుగా కోసి గడికో అక్షరాల గుర్తు ఇస్తుంది. అయిదక్షరాల గడి దాదాపు అయిదు కిలోమీటర్లు. గట్టుకు అటూ ఇటూ ఉన్న రెండు చేలు వేర్వేరు గళ్లలో పడొచ్చు, అందుకని చుట్టూ ఉన్న గళ్లూ వెతకాలి. లూసీన్‌కు 2016లో 6.0తో వచ్చిన చెట్టు పద్ధతి ఇండెక్సే నాకు నయం.

దగ్గరివి పైన, దూరానివి కింద అని మాత్రం పేర్చను. పద్నాలుగు కిలోమీటర్లు నడిచొచ్చిన మనిషి మాట కిందికి పోవడం నాకు నచ్చదు. దూరం వడపోతకే, వరుసకు కాదు.

ఆగస్టు 14, బుధవారం

అసలు కష్టం పేర్లతోనే. ఒక పేజీలో నాగారం, మలక్‌పేట ఉన్నాయి. రెండూ హైదరాబాదు వైపూ ఉన్నాయి కాబట్టి ప్రోగ్రాం పేజీని అక్కడ నిలబెట్టింది. తెలిసిన ఒక రిటైర్డ్ సారుకు చూపించాను.

“సార్, ఇది ఏ నాగారం?”

“కింద వెల్లంపల్లి ఉన్నది సూడు బిడ్డా. మూడూ పరకాల పక్క ఊర్లే.”

సారు చూసినట్టే ప్రోగ్రామూ చూడాలి: ఒక పేజీలోని ఊర్లన్నీ ఎక్కడ గుంపుగా కలుస్తాయో అదే ఆ పేజీ చోటు. జిల్లా పేరు మీద ఆధారపడే వీల్లేదు. పరకాలను 2016లో వరంగల్ గ్రామీణ జిల్లా అన్నారు, 2021 నుంచి హనుమకొండ. బిందువును స్థిరంగా ఉంచి, పేర్లకు తేదీలు తగిలిస్తున్నాను. చలివాగు ఒడ్డున అని మాత్రమే రాసున్నవాటికి బిందువు పెట్టడం అబద్ధమే. వాగును గీతగా ఎక్కించాలి.

ఆగస్టు 22, గురువారం

‘జెండా’, పరకాలకు 15 కిలోమీటర్ల లోపు అని అడిగాను. పరకాల మాటే లేని పేజీలు వచ్చాయి! ఒకదాంట్లో వెల్లంపల్లి తప్ప ఇంకే ఊరూ లేదు. చాలా సంతోషమైంది.

ఊరే తెలియని పేజీలను వడపోత మింగేస్తోంది. ఫలితాల కింద ‘చోటు తెలియనివి’ అని విడిగా చూపించాలి. రేపు ముందు ఆ పని.