పల్నాడు దారిలో సెల్‌ఫోను ముచ్చట్లు

బస్టాండులో ఎవరి సెల్‌ఫోను వాళ్ళు చూసుకుంటుంటే "పక్కవాళ్ళతో మాట్లాడే రోజులు పోయాయమ్మా" అని నిట్టూరుస్తుంటాం కదూ! అది నిజమో కాదో, ఈసారి పల్నాడు వైపు వెళ్ళినప్పుడు మీరే చూసి తేల్చండి.

ఇలా జనాన్ని గమనించడం పెద్ద చదువే సుమండీ! అమెరికాలో విలియం వైట్ అనే ఆయన 1970లలో న్యూయార్క్ కూడళ్ళలో కెమెరాలు పెట్టి, ఎవరు ఎక్కడ కూర్చుంటారో, ఎంతసేపుంటారో లెక్కవేశాడు. ఆడవాళ్ళు ఎక్కువగా కనిపించే చోటు మంచి చోటని ఆయన గుర్తు. ఆ పద్ధతిలోనే 1979-80 ప్రాంతంలో తీసిన ఫిల్ములను, 2008-10 మధ్య అవే చోట్ల తీసిన వీడియోలతో ప్రొఫెసర్ కీత్ హాంప్టన్ బృందం పోల్చి చూసింది. ఏం తేలిందంటారా? ఫోను పట్టుకున్నవాళ్ళు అనుకున్నంతమంది లేరు. ఉన్నవాళ్ళలోనూ ఎక్కువమంది ఒంటరిగా వచ్చినవాళ్ళే. ముప్ఫై ఏళ్ళలో చాలాచోట్ల ఆడవాళ్ళ పాలు పెరిగింది కూడానూ! అప్పటికి ఇప్పుడున్నన్ని ఫోన్లు లేవనుకోండి. అయినా చూసే పద్ధతి మనకూ పనికొస్తుంది.

2022లో జిల్లా కేంద్రమైన నరసరావుపేటలో మొదలుపెట్టండి. బస్టాండులో ఒక పావుగంట కూర్చుని చూడండి. ఫోనులో తలదూర్చినవాళ్ళు ఒంటరిగా ఉన్నారా, తోడుతో ఉన్నారా? ఒంటరిగా నిలబడ్డ ఆడపిల్ల ఫోను చూస్తుంటే పొగరనుకోకండి. ఎవరైనా అదేపనిగా చూస్తుంటే, వేళకు బస్సు రాకపోతే, ఆ చిన్న ఫోనే ఆమెకు తోడు, చాటు. ఒకప్పుడు మనం వారపత్రికను మొహానికి అడ్డం పెట్టుకోలేదూ? అలాగే!

కోటప్పకొండ తిరునాళ్ళకు వెళితే మాత్రం ఫోను మీద భరోసా పెట్టుకోకండి. శివరాత్రినాడు ప్రభల కాంతిలో అంతమంది ఒకేసారి ఫోన్లు తీస్తే, టవరు అందరి కాల్సూ మోయలేదు. తప్పిపోతే ఎక్కడ కలుసుకోవాలో ముందే అనుకోండి. పిల్లల జేబులో మీ నంబరు రాసిన కాగితం పెట్టండి.

మాచర్ల వెళ్ళడానికి రైలు హాయి. నడికుడి దాటాక గురజాల, ఎండలకు పేరుపడ్డ రెంటచింతల వస్తాయి. పెట్టెలో గమనించండి. ఒక్క ఫోను చుట్టూ నాలుగు తలలు చేరి సినిమా చూస్తుంటే, అది మనుషుల్ని విడదీసినట్టా, కలిపినట్టా? మాచర్ల చెన్నకేశవస్వామి దర్శనం చేసుకుని ఎత్తిపోతల జలపాతానికి వెళ్ళండి. "అక్కా, కాస్త మా ఫోటో తీస్తారా?" అని ఎవరో అడుగుతారు. "మీదే ఊరు?" దగ్గర మొదలై, పులిహోర పొట్లం విప్పేదాకా వెళుతుంది ఆ మాట!

ఒక్క చిట్కా. చాలా రైల్వే స్టేషన్లలో రైల్‌టెల్ వారి వైఫై రోజుకు అరగంట ఉచితం. ఫోనుకొచ్చే ఓటీపీ కొడితే చాలు. అయితే అందరూ వాడే వైఫైలో బ్యాంకు పనులు చేయకండి.

"ఆడపిల్ల చేతికి ఫోనిస్తే చెడిపోతుంది" అనే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. గురజాల నుంచో మాచర్ల నుంచో పిల్ల పైచదువుకు పేట వెళతానంటే "పొద్దుపోతే ఎలాగే?" అని భయపడే తల్లులూ ఉన్నారు. "బస్సెక్కానమ్మా" అన్న ఒక్క మాట ఆ భయాన్ని సగం తగ్గిస్తుంది. మీ పావుగంట లెక్కలో ఆడవాళ్ళు ఎంతమందో మర్చిపోకుండా రాసుకోండి. వాళ్ళు తక్కువైతే, తప్పు ఫోనుది కాదు. కూర్చునే బల్ల, వెలిగే దీపం, శుభ్రమైన మరుగుదొడ్డి లేని ఆ చోటుది. అడగాల్సింది వాటిని!