ఎందుకక్కా?

మా మామయ్య ఏ మాటైనా మూడుసార్లు అంటాడు. "బస్సొచ్చిందా? బస్సొచ్చిందా? బస్సొచ్చిందా?" జవాబు చెప్పేలోపు మొహం పక్కకి తిప్పేసుకుంటాడు. ఎవరి కళ్లలోకీ చూడడు. 52 ఏళ్లు. అమ్మమ్మ పోయాక అమ్మ దగ్గరే ఉంటున్నాడు.

ఊళ్లో అతను వెర్రిబాగులోడు. పాత సర్టిఫికెట్‌లో బుద్ధిమాంద్యం. 2016 చట్టం తర్వాత మేధోవైకల్యం. పేర్లు మారినా కారణం మాత్రం అందరికీ తెలిసినట్టే ఉండేది: అమ్మమ్మా తాతయ్యలది మేనరికం. ఆ మాట అమ్మమ్మ పోయేదాకా పడింది.

పోయినేడు చెల్లి కడుపుతో ఉన్నప్పుడు, ఇంట్లో ఎవరికైనా ఇలాంటిది ఉందా అని డాక్టర్ అడిగితే మామయ్య సంగతి చెప్పింది. ముందు మామయ్యకి రక్తపరీక్ష, తర్వాత అమ్మకి, చెల్లికి. అలా ఇన్నేళ్లకి ఓ పేరు దొరికింది: ఫ్రాజైల్ ఎక్స్.

ఎక్స్ క్రోమోజోమ్ మీద ఎఫ్ఎంఆర్1 అనే జన్యువు ఉంటుంది. దాన్ని 1991లో కనుక్కున్నారు. అందులో సీజీజీ అనే మూడక్షరాలు వరసగా మళ్లీ మళ్లీ వస్తాయి, చాలామందిలో ఓ 30 సార్లు. 55 నుంచి 200 దాకా ఉంటే వాహకులు. తల్లి నుంచి బిడ్డకి వెళ్లేటప్పుడు ఆ లెక్క పెరగొచ్చు. 200 దాటితే కణం ఆ జన్యువుని మూసేస్తుంది, మెదడుకి కావాల్సిన ప్రోటీన్ తయారవదు. మా భాషలో చెప్పాలంటే కోడ్ అక్కడే ఉంది, ఎవరో కామెంట్ చేసి పెట్టారంతే. మగవాడికి ఉండేది ఒక్క ఎక్స్, అదీ తల్లిదే. బ్యాకప్ లేదు. మేనరికానికి దీనితో సంబంధం లేదు. ఈ ఒక్క ముక్క అమ్మమ్మకి చెప్పాల్సింది.

అమ్మ రిపోర్టులో రెండు అంకెలు: 30, 78. చాలాసేపు చూసి, "అయితే నేనూ మోస్తున్నానా?" అంది. చెల్లి రిపోర్టుకి పన్నెండు రోజులు పట్టింది. ఆ పన్నెండు రోజులూ ఇంట్లో ఎవరం మామయ్య మొహంలోకి సరిగ్గా చూడలేదు.

29, 30. అమ్మ ఏడ్చేసింది. నాన్న స్వీట్లు తెచ్చాడు. పంచడమంటే మామయ్యకి మహా ఇష్టం. డబ్బా పట్టుకుని ఇల్లంతా తిరుగుతూ, "ఎందుకక్కా? ఎందుకక్కా? ఎందుకక్కా?"

"నీ మేనకోడలు బాగుందిరా," అంది అమ్మ. అబద్ధం కాదు. కానీ ఆ స్వీట్లు, నీలాంటివాడు ఇంకొకడు పుట్టడని.

మన కథల్లో ఇలాంటి పాత్రలు నవ్వించడానికో, చివర్లో చచ్చిపోయి ఏడిపించడానికో తప్ప ఉండవని ఓ సమీక్షలో గట్టిగా రాశాను. మామయ్య డబ్బా నా ముందుకి చాపినప్పుడు మాత్రం నా దగ్గర ఒక్క వాక్యం లేదు. ఓ కోవాబిళ్ల తీసుకుని తిన్నాను.

నా పరీక్ష ఇంకా చేయించుకోలేదు.