యొర్దాను దాటాక

2021 ఏప్రిల్, మే నెలల బెంగళూరును మా ఇంట్లో ఎవరం మరిచిపోలేం. ఒక దశలో రోజుకు 20,000కు పైగా కరోనా కేసులు. ఆక్సిజన్ బెడ్ కోసం ఊరంతా ఫోన్లు. చర్చి తలుపులు మూసి, ఆరాధన జూమ్‌లో. అప్పుడే నాన్నగారికి ఊపిరి అందలేదు, తమ్ముడి ఉద్యోగం పోయింది. చిత్తూరులో బాబాయి ప్రభువు సన్నిధికి వెళ్లిపోతే కడచూపు కూడా దక్కలేదు.

నాన్నగారు కోలుకున్నారు కాబట్టే దేవుడు నమ్మదగినవాడని నేను అనను. పిన్ని కన్నీళ్ల ముందు ఆ మాట నిలవదు. అయినా బాబాయి లేని ఆ ఇంటినీ దేవుడు విడిచిపెట్టలేదు. పిల్లల ఫీజులు సంఘస్థులు కట్టారు. పిన్ని మళ్లీ ప్రార్థనలో పాట ఎత్తుకుంది. ఇక్కడ మాకు పక్కింటి కన్నడ ఆంటీ రోజూ గంజి, రసం గుమ్మం దగ్గర పెట్టి వెళ్లేవారు.

బైబిలులో ఇశ్రాయేలీయులు యొర్దాను నది దాటాక యెహోషువ 12 రాళ్లను గిల్గాలులో నిలబెట్టించాడు, రేపు పిల్లలు అడిగితే చెప్పడానికి. గండం గడిచాక మేలు మరిచిపోవడం మనిషికి తేలిక. అందుకే ఇవన్నీ కుటుంబ ప్రార్థనలో మా పిల్లలకు ఒక్కొక్కటిగా చెబుతున్నాం. మీ ఇంట్లోనూ చెప్పండి. అప్పుడు నడిపించిన దేవుడే ఇకముందూ నడిపిస్తాడు. ఆయనకే స్తోత్రం.