తామరాకు మీద నీటిబొట్టు

ఉపమాలంకారం బోధించిన ముప్పైయేళ్ళలో ఈ పోలిక నా నోట ఎన్నిమార్లు వెలువడిందో లెక్కలేదు. పదవీ విరమణ నాటినుండి దానినే బంధుమిత్రులు నాకు అప్పజెబుతున్నారు. "ఇక తామరాకు మీద నీటిబొట్టులా ఉండండి మాష్టారూ!" అని. పిల్లల సంగతులు, పాత విద్యార్థుల కష్టసుఖాలు పట్టించుకోవద్దని వారి హితవు. విన్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది.

ఆ ఆకును శ్రద్ధగా పరిశీలించిన వృక్షశాస్త్రవేత్త జర్మనీకి చెందిన విల్‌హెల్మ్ బార్త్‌లాట్. 1970లలో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో రకరకాల ఆకులను చూస్తూ, నునుపైనవాటిని ముందుగా కడగవలసి వస్తున్నదనీ, మైనపు గరుకుదనం ఉన్నవి వాటంతటవే శుభ్రంగా ఉంటున్నాయనీ ఆయన గమనించారు. ఆ రెండవ జాతిలో తామరాకు మేటి. 1997లో క్రిస్టోఫ్ నైన్‌హుయిస్‌తో కలిసి దాని మర్మాన్ని వివరంగా ప్రకటించారు.

ఆకు పైభాగమంతా కంటికి కానరాని బుడిపెలు. ఒక్కొక్కటి ఇంచుమించు మిల్లీమీటరులో నూరవ వంతు. వాటిమీద మరెన్నో రెట్లు సన్నని మైనపు నాళికలు. సందులలో గాలి నిలుస్తుంది. అందుచేత బొట్టు ఆ కొనలమీద మాత్రమే ఆని, ముత్యంలా గుండ్రంగా నిలిచి, ఆకు కాస్త వాలగానే దొర్లిపోతూ దారిలోని దుమ్మును వెంట తీసుకుపోతుంది. 1999లో ఈ సూత్రంతోనే 'లోటుసాన్' అనే గోడల రంగు విపణికి వచ్చింది. వానపడితే గోడ మీది మురికి నీటితో జారిపోవాలని దాని ఉద్దేశం.

అయితే మనిషి చేసిన ఇటువంటి పూతలకు ఒక చిక్కున్నది. రాపిడికి ఆ సన్నని గరుకుదనం అరిగిపోతుంది. ఎన్నో మొక్కలు మాత్రం పోయిన మైనాన్ని మళ్ళీ పుట్టించుకుంటాయి. తనంతట తానే బాగుపడే పూతకోసం శాస్త్రజ్ఞులు నేటికీ శ్రమిస్తున్నారు.

భగవద్గీత ఐదవ అధ్యాయంలోని పోలికలో మనిషి ఆకు. మన లోకోక్తిలో మనిషి బొట్టు. నన్ను బొట్టులా ఉండమన్నవారు, అది ఆకును తాకుతుందనీ, తాకిన చోటి ధూళిని మోసుకుపోతుందనీ ఎరుగరు కాబోలు. పాత విద్యార్థి ఎవరైనా వచ్చి అరుగుమీద కూర్చుని గోడు వెళ్ళబోసుకుంటే నేను వింటాను. వెళ్ళేటప్పుడు వాని ముఖం కొంత తేటపడితే నాకంతే చాలు. హితవు చెప్పిన పెద్దల మాట నేను జవదాటలేదనే అనుకుంటున్నాను. ఈ అన్వయం కుదిరినదో లేదో విజ్ఞులైన చదువరులే చెప్పాలి.